క్రియ వెంట నడచు చిరుమాట

ఇంగ్లీషు నేర్చు మన బాలబాలికలకు 'ఎంటర్', 'డిసెండ్', 'రిటర్న్' వంటి పెద్దమాటలు సులభముగ పట్టుబడుటయు, 'గో ఇన్', 'కమ్ డౌన్', 'గో బ్యాక్' అను చిన్నమాటల జంటలు ఎంతకును కొరుకుడుపడకపోవుటయు పైకి వింతగ తోచును గాని, విచారింప నందు వింత లేదు. లాటిను, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన ఆ పెద్దమాటల యర్థము ఒక్కచోట నిలిచియుండును. ఆంగ్లేయుల యిండ్లలో, వీధులలో దినదినము మెలగు ఈ జంటల యర్థమో, కొంత క్రియయందును, కొంత దానివెంట నడచు చిరుమాటయందును ఉండును. 1755లో మహానిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సను సైతము, పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి యివియేయని పీఠికలో చెప్పి, వానిని శ్రద్ధతో గుర్తించెను.

బస్సైనను కారైనను మనము ఎక్కుదుము, దిగుదుము. ఆంగ్లేయుడట్లు గాక, నిలువబడి నాలుగడుగులు వేయుటకు చోటున్న బస్సును, రైలును, ఓడను వేదికగ చూచి 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్' అనును. వంగి దూరి కూర్చుండవలసిన కారును గదిగ చూచి 'గెట్ ఇన్', 'గెట్ అవుట్' అనును. బస్సు దిగుచు 'గెట్ డౌన్' అను మన విద్యార్థి మనస్సులో మెట్టునుండి నేలకు దిగు పాదము మెదలుచుండగా, ఆంగ్లేయుని మనస్సులో ఆ వేదికను విడుచు పాదము మెదలుచుండును. ఈ చూపులోని భేదమును బస్సు మెట్లకడ నిలిచి చూపిన గురువు, పట్టికలు వల్లెవేయించు గురువుకంటె నెక్కువ మేలు చేసినవాడని నా దృఢవిశ్వాసము.

చిరుమాట గతిని మార్చుట మనకు క్రొత్త కాదు. గమనమొక్కటియే; ఉపసర్గనుబట్టి అది ఆగమనము, నిర్గమనము, అనుగమనము అగుచున్నది. ఐతే దిక్కు ఎల్లప్పుడును కంటికి కనబడు దిక్కే కానక్కరలేదు: చదునైన నేలమీద ఒకరిని సమీపించుటయు 'వాక్ అప్ టు' అనియే చెప్పబడును, అచ్చట ఎక్కుట యేమియు లేదు, దగ్గరకు చేరుటయే కలదు.

సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందుండుననియు, వేదభాషయందు మాత్రము వెనుకను, ఎడముగను కూడ ఉండవచ్చుననియు పాణిని సూత్రించెను. ఇంగ్లీషులో ఆ ఎడము నేటికిని నిత్యవ్యవహారమే. పుస్తకమును మరల తెమ్మనుటకు 'బ్రింగ్ బ్యాక్ ద బుక్' అనినను, 'బ్రింగ్ ద బుక్ బ్యాక్' అనినను చెల్లును. పుస్తకమునకు బదులు సర్వనామము వచ్చినప్పుడు మాత్రము అది నడుమనే నిలువవలెను, 'బ్రింగ్ ఇట్ బ్యాక్' అనియే పలుకవలెను.