మదనపల్లె నారుకి మంచి బ్యాక్టీరియా!

తెల్లారకముందే మదనపల్లె మార్కెట్ యార్డు ఎర్రబడుతుంది. ట్రాక్టర్లూ ఆటోలూ దించిన టమోటా క్రేట్లు మండీల ముందు బారులు తీరతాయి. వేలంపాట అందుకుందంటే కొత్తవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. పక్కన నిలబడ్డ రైతు మొహం చూస్తే మాత్రం ధర తెలిసిపోతుంది! 2023 జులైలో ఇక్కడ కిలో నూరు రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టుబాటు కాక పండిన పంటని రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి.

ధర ఎలాగూ రైతు చేతిలో లేదు. పోనీ, చేనైనా ఉందా అంటే అదీ అనుమానమే. మట్టిలో కంటికి కనిపించని శత్రువులు కాచుక్కూర్చుంటాయి. పిథియం సోకితే సాయంత్రం నిలబడ్డ మొలక పొద్దున్నకి కాడ మెత్తబడి నేలకొరుగుతుంది. అదే నారుకుళ్లు. (పిథియాన్ని శాస్త్రవేత్తలు అసలైన శిలీంధ్రాల లెక్కలోంచి తీసేశారు గానీ కుళ్లిన నారు ముందు కూర్చున్నవాడికి ఆ తేడాతో పనేముంది!) ఫ్యుజేరియందింకో పద్ధతి. వేళ్లలోంచి దూరి నీళ్లు మోసే నాళాల్ని పూడ్చేస్తుంది. కొయ్యలు పాతి, తీగలు కట్టి, డ్రిప్పు వేసి, అప్పు తెచ్చి పెట్టుబడంతా పెట్టాక... కాపు మీదున్న మొక్క కళ్లముందే వాడిపోతుంది. వేరులోపల తిష్ఠ వేసిన తెగులుకి ఆకుల మీద ఎన్ని మందులు కొట్టినా ఖర్చు తప్ప ఫలితం తక్కువ.

అందుకే కొందరు కథని మొదటి నుంచీ మారుస్తున్నారు. అది చూడాలంటే యార్డు వదిలి ఊరి బయటికి రావాలి.

పచ్చటి షేడ్‌నెట్ల కింద నర్సరీలు. బల్లల మీద నల్లటి ప్రోట్రేలు. గుంటకో గింజ చొప్పున కొబ్బరిపొట్టులో విత్తితే దాదాపు పాతిక రోజుల్లో నారు నాటుకి సిద్ధం. ఆ కొబ్బరిపొట్టులోనే కొందరు టాల్కం పౌడరులాంటి పొడి ఒకటి కలుపుతారు. దాని పేరు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. పేరు పలకడం కష్టమే. అందుకేనేమో, చాలామంది నోట అది ‘సూడో’ అయిపోయింది!

ఇదో బ్యాక్టీరియా. మొక్కల వేళ్ల దగ్గర ఊరే రసాలు తాగి బతుకుతుంది. ఉన్న చోటుని ఇంకొకరికి వదలదు. మట్టిలో ఇనుము ఉన్నా జీవులకి సులువుగా అందేది బహు తక్కువ. ఈ బ్యాక్టీరియా ఓ పసుపుపచ్చ పదార్థాన్ని వదిలి ఆ కాస్త ఇనుమునీ లాగేసుకుంటుంది. శిలీంధ్రం పస్తులుండాల్సిందే. అతినీలలోహిత కాంతిలో ఆ పదార్థం మెరుస్తుంది. పేరులోని ‘ఫ్లోరెసెన్స్’ అలా వచ్చిందే. కొన్ని రకాలైతే శిలీంధ్రాన్ని నేరుగా దెబ్బతీసే యాంటీబయాటిక్‌లనీ తయారుచేస్తాయి. అన్నిటికన్నా వింత మరొకటుంది. వేళ్ల దగ్గర వీటి ఉనికిని పసిగట్టిన మొక్క ఒళ్లంతా అప్రమత్తమవుతుంది. ఆ తర్వాత శిలీంధ్రం ఆకు మీద వాలినా ఎదురుదాడి త్వరగా మొదలవుతుంది.

టీకాలాగే ఉందే అనిపిస్తోందా? మొక్కకి మనలా యాంటీబాడీలుండవు కాబట్టి అది పోలిక మాత్రమే. కానీ ఆ పోలిక ఈ ఊరికి భలే అతుకుతుంది. మదనపల్లె శివార్లలోనే ఆరోగ్యవరం ఉంది. రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు, పొడిగాలి... క్షయ రోగుల కోసం నూరేళ్ల కిందటే అక్కడ శానటోరియం వెలిసింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. బీసీజీ అంటే బలహీనపరచిన బ్యాక్టీరియానే. క్షయని లొంగదీసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా 1943లో మట్టి బ్యాక్టీరియా నుంచే దొరికింది.

తమాషా ఏమిటంటే, ఆ స్ట్రెప్టోమైసినే సూడోమోనాస్‌కి గండం! టమోటాలో బ్యాక్టీరియా తెగుళ్లకని దాన్ని చల్లిన మొక్క మీద మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. రాగి మందులతోనూ అంతే. రెండూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టి ‘ఇది పనిచెయ్యలేదు’ అనడం న్యాయం కాదు.

అసలు చిక్కంతా ఇక్కడే. ఇది మందు కాదు, ప్రాణమున్న సరుకు. ప్రమాణాల ప్రకారం గ్రాము పొడిలో కనీసం పది కోట్ల బ్యాక్టీరియా బతికుండాలి. రేకుల షెడ్డులో, మే నెల ఎండలో నెలలకొద్దీ పడున్న ప్యాకెట్టులో ఎన్ని మిగులుతాయి? పైకి చూస్తే బతికినదీ చచ్చినదీ ఒకటే తెల్లపొడి. రైతు కొనేది పేరునే. కాబట్టి తయారైన తేదీ, గడువు, రిజిస్ట్రేషన్ నంబరు చూడకుండా డబ్బులివ్వకూడదు. కొన్నాక నీడన దాచాలి. ఈ విషయంలో దీని సాటి బ్యాక్టీరియా బాసిల్లస్ సబ్టిలిస్ కాస్త మొండిది. కష్టకాలంలో గట్టి పెంకులాంటి బీజరూపంలోకి మారిపోయి వేడినీ కరవునీ ఓర్చుకుంటుంది. మన ఎండలకి అదే నయం అనిపిస్తుంది.

వాడకం పెద్ద విద్యేమీ కాదు. విత్తనశుద్ధికి కిలో విత్తనానికి పది గ్రాములు అన్నది వాడుకలో ఉన్న లెక్క. హైబ్రిడ్ గింజలు గ్రాముల్లోనే కొంటారు కాబట్టి చిటికెడు చాలు. పొలంలోనైతే పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి ఆరకుండా కొన్నాళ్లు ఉంచి సాళ్లలో వేస్తారు. సేంద్రియ పదార్థం లేని ఎండుమట్టిలో చల్లితే అవి తినడానికేం ఉంటుంది!

చెయ్యలేనివీ ఉన్నాయి. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌ని ఇది ఆపదు. ముసురు పట్టి, ఆకుమాడు తెగులు చేనంతా పాకాక తెచ్చి కొట్టినా ఆదుకోదు. అప్పుడు శిలీంధ్రనాశిని తప్పదు. ముందే వేళ్ల దగ్గర చోటు పట్టుకుంటేనే దీని బలం. ఆ అవకాశం నర్సరీలో ఉన్నంతగా మరెక్కడా ఉండదు. ట్రేలోని గుంటంటే గుప్పెడు కూడా లేని పొట్టు. ఎకరం నేలలో కోటానుకోట్ల జీవులతో పోటీపడటం కన్నా అక్కడ జెండా పాతడం చాలా తేలిక.

చిత్రంగా నర్సరీకి వచ్చిన రైతులు ఎక్కువగా అడిగేది రకం పేరూ, మొక్క ధరానే. పొట్టులో ఏం కలిపారన్నది అడిగేవాళ్లు తక్కువ. అడిగి, ఒక మొక్కని ట్రేలోంచి మెల్లగా పైకి లాగి చూడొచ్చు. పొట్టుముద్దని గట్టిగా పట్టుకున్న తెల్లటి పిల్లవేళ్లు కనిపించాలి. గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంటే ఆ ట్రేని అక్కడే వదిలెయ్యాలి.