తొమ్మిదవ గుంట

పాతబడిన కార్ఖానాలలో కళాకారులు కాపురముండుట లోకమునకు క్రొత్త కాదు. న్యూయార్కులోని సోహో పేటలో ఖాళీపడిన మేడలు చౌకగా దొరకుటచే చిత్రకారులు చేరి బొమ్మలు వేసికొనుచుండగా, 1971లో నగరపాలకులు వారి కాపురమును చట్టసమ్మతము గావించిరి. మన ఓరుగల్లున, 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లు మూతపడిన పిమ్మట, ఆ నేల ప్లాట్లుగా తెగిపోయినది.

హైదరాబాదులోని మా పుప్పాలగూడ కథ వేరు. ఇచ్చటి పాత పరిశ్రమ రాయి. మిల్లు మూతపడినచో ప్లాట్లుగా తెగువరకైనను గోడలు మిగులును. క్వారీ తన సొత్తును తానే తినును గనుక గొయ్యి తప్ప ఏమియు మిగులదు. 1998లో మాదాపురమున ఐటీ సంస్థలకై సైబర్ టవర్స్ తెరచినది మొదలు ఆ గోతులచుట్టును మేడలు లేచినవి.

మా వీధి చివర, ఎవరి ప్లాటులోనికిని సరిగా రాక బ్రదికిపోయిన గుండొకటి కలదు. దాని ప్రక్కను జానెడేసి యెడముగా ఎనిమిది గుంటలు. వేలు దూర్చి చూచితిని, రెండవ కణుపువరకు పోయినది. అట్టి గుంటలలో ఇనుప చీలలు దిగగొట్టి, దేనిమీదను తొందరపడక, ఒకదాని తరువాత నొకటిగా సమ్మెటతో మోదుచు పోయినచో, గీత గీచినట్లు రాయి రెండుగా విచ్చును. విచ్చు వేళను వడ్డెరలు మోతనుబట్టియే గుర్తింతురు. తొమ్మిదవ గుంట మాత్రము సగమే పడినది. కూలి కుదరలేదో, కాంట్రాక్టు తీరినదో, ఇన్నూటయేబది కోట్ల యేండ్లనాటి గ్రానైటు ఆ సగము గుంటకడ ప్రాణము దక్కించుకొన్నది.

నానక్‌రామ్‌గూడలో రామానాయుడు స్టూడియోయు, చేరువనే నటుడు డాక్టరు ప్రభాకరరెడ్డి పేర వెలసిన చిత్రపురి కాలనీయు ఉండుటచే, మా సందులలో సహాయదర్శకులు, ఎడిటర్లు, మాటల రచయితలు విరివిగా కాపురముందురు. ఐటీ జీతములు అద్దెలను పెంచగా, నలుగురేసి యొక గదిలో సర్దుకొని, మిగిలిన పని టీకొట్టు దగ్గర చేసికొందురు. దీనికి సృజనకేంద్రమను పెద్ద పేరెవ్వరును పెట్టలేదు. పెట్టిన మరునాడే అద్దె మరల పెరుగునని నా భయము.

మొన్న సాయంకాలము ఒక యువకుడు ఆ గుండుకు చేరగిలబడి, టీ చల్లారుచుండగా, తోడివానికి కథ చెప్పుచుండెను.

“ఇంటర్వెల్ కాడ హీరో చచ్చిపోతాడన్నా.”

“మరి సెకండాఫ్ ఎవరితో నడిపిస్తవ్ తమ్మీ?”

యువకుడు సిగరెట్టు ముట్టించుకొని, చాల సేపు ఊరకుండి, ఆరిన అగ్గిపుల్లను తొమ్మిదవ గుంటలో వేసెను. అందులో అప్పటికే చాల పుల్లలున్నవి.