నీమచ్‌లో పెన్నేరు

మధ్యప్రదేశ్ వాయవ్య కొసన, రాజస్థాన్ సరిహద్దుకు ఆనుకొని ఉన్న నీమచ్ ఒకప్పుడు ఆంగ్లేయుల దండు విడిది. నల్లమందు సాగుకు ఆ సీమ నేటికీ ప్రసిద్ధం. నేను మాత్రం ఒక్క మాటకు అర్థం వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాను.

అనువాదం నా వృత్తి. బలానికి వేసుకొనే మాత్రల సీసా లేబులును తెలుగు చేయమని ఒక సంస్థవారు పంపారు. అందులో ‘అశ్వగంధ మొక్క సారం’ అని ఉంది. వేరా, ఆకా అని అడిగాను. ఉన్నది ఉన్నట్లు రాయమన్నారు.

ఫిబ్రవరి ఉదయాన మండీలో అడుగుపెట్టేసరికి ఎండువేళ్ళు కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. వేలం సాగుతోంది. వ్యాపారి ఒక వేరు తీసి పుటుక్కున విరిచాడు. లోపల తెల్లగా, పిండిలా ఉంది. లావుగా, గట్టిగా ఉన్నవి మొదటి రకం. సన్నవి, చీలినవి కడపటివి. వాసన చూశాను. గుర్రపుసాల గుర్తుకు వచ్చింది. సంస్కృతంలో ఆ పేరు ఊరకే పెట్టలేదు. మన పెద్దలు దీనినే పెన్నేరు అన్నారు.

ఊరి వెలుపల ఒక రైతు చేను చూపించాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విత్తితే అయిదారు నెలలకు పంట చేతికి వస్తుంది. తేలిక నేల చాలు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. కాగితంవంటి పొరలో ఎర్రని పండ్లు కనిపించగానే మొక్కను సమూలంగా పెరికి, వేరు కోసి ఆరబెడతారు.

“మరి ఈ ఆకులు?” అన్నాను.

“ఇదివరకు చేలోనే వదిలేసేవాళ్ళం, బెహన్‌జీ. ఇప్పుడు వాటికీ బేరగాళ్ళు వస్తున్నారు.”

నేను వెతుకుతున్న అర్థం అక్కడ దొరికింది. భారతీయ ఆయుర్వేద ఔషధకోశం ఈ మొక్కలో మందుగా చెప్పినది ఎండబెట్టిన వేరును. ఆకులో వితఫెరిన్-ఎ అనే పదార్థం వేరులోకంటె హెచ్చు. అది జీవకణాలకు హాని చేయగలది. ఆకు వాడవద్దని 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ తయారీదార్లకు సూచించింది. అశ్వగంధ మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. గర్భిణులు వాడరాదు, థైరాయిడ్ మందులు తీసుకొనేవారు వైద్యుని అడగనిదే ముట్టరాదు. మానసిక ఒత్తిడి, నిద్రలేమి విషయంలో కొంత మేలు కనిపించిన పరీక్షలు ఉన్నమాట నిజమే. కాని వాటిలో అధికభాగం కొద్ది వారాలకే ముగిసినవి.

నీమచ్ రైతుకు, సీసా కొనే గృహిణికి మధ్య ఉన్నది ఆ ఒక్క లేబులే. వేరో ఆకో తెలిపితేనే తెలుగు చేస్తానని తిరిగి వచ్చి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నా ప్రతిలో ఆ మాట ఉండవలసిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.