అన్నయ్యకు, ఆస్ట్రేలియా వంటిళ్ళ నుంచి

మెల్‌బోర్న్, మార్చి 2025

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. ట్రామ్ రూట్లు వంటబట్టాయి. మన దేశం నుంచి ఏడాదికి 1,000 మందికి ఇచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా కదా, తిరగొచ్చు, ఆ తిరుగుడుకి కావలసిన డబ్బు ఇక్కడే సంపాదించుకోవచ్చు. సిటీలో ఓ సన్నటి సందులో ఉన్న కేఫ్‌లో పని దొరికింది. పొద్దున అంట్లు తోమడం, రద్దీ పెరిగాక బల్లలు సర్దడం. అమ్మకి మాత్రం "హోటల్లో ఉద్యోగం" అని చెప్పు, చాలు.

వంటిల్లు మన టిఫిన్ సెంటర్ కన్నా ఇరుకు. ఒకరి వెనక నుంచి వెళ్తే "బిహైండ్" అని, మూల తిరిగితే "కార్నర్" అని, వేడి పెనం పట్టుకుంటే "హాట్" అని కేకేయాలి. చెఫ్ ఆర్డర్ చదివితే విన్నవాళ్ళు దాన్ని తిరిగి పలకాలి, తల ఊపితే కుదరదు. ఇంట్లో గట్టిగా మాట్లాడితే కోపమనుకుంటారు, ఇక్కడ నోరు విప్పకపోతేనే ఎవరో ఒకరి చెయ్యి కాలుతుంది.

నీకు పనికొచ్చే మాట ఒకటి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో తిండిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయట. త్వరగా పాడయ్యే పదార్థం ఆ వేడిలో మొత్తం 2 గంటల్లోపు ఉంటే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. 2 నుంచి 4 గంటలైతే వెంటనే వాడేయాలి. 4 దాటితే చెత్తబుట్టే. తెల్లారుజామున రుబ్బి పదింటిదాకా కౌంటర్ మీద ఉంచే మన కొబ్బరి చట్నీ సంగతి వదినతో కూర్చుని ఆలోచించు.

యులారా, జూన్ 2025

అన్నయ్యా,

ఎర్రమట్టి తప్ప ఏమీ లేని చోట ఉన్నాను. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రోడ్డున దాదాపు 450 కిలోమీటర్లు. ఇది ఉలురు కొండ చూడవచ్చేవాళ్ళ కోసం కట్టిన ఊరు. ఇక్కడిప్పుడు చలికాలం, అంటే సీజన్. సూర్యోదయం చూసేవాళ్ళు చీకట్లోనే బయల్దేరతారు, వాళ్ళకన్నా ముందు వంటవాళ్ళు లేస్తారు. నాది ఇక్కడి హోటల్లో గదుల పని. దుమ్ము పైనుంచి కిందికి దులపాలి, నేల లోపలి మూల నుంచి గుమ్మం వైపు తుడుచుకుంటూ రావాలి. వరస తప్పితే చేసిందే మళ్ళీ చేయాలి.

గదులకన్నా మనుషులే ఎక్కువ నేర్పుతున్నారు. "ఇంత దూరం వచ్చాం, కొండెందుకు ఎక్కనివ్వరు?" అని కొందరు చిరాకుపడతారు. "రూల్ అండీ" అంటే ఆ చిరాకు ఇంకా పెరుగుతుంది. అందుకని కారణం చెబుతాను: ఇది ఇక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రస్థలం, 1985లో ఈ నేల హక్కును ప్రభుత్వం వాళ్ళకు తిరిగిచ్చింది, 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. ఆ వెంటనే కొండ చుట్టూ నడిచే దారి చూపిస్తాను. చాలామంది సాయంత్రం తిరిగొచ్చి ఆ నడక ఎంత బాగుందో చెబుతారు.

హోబార్ట్, డిసెంబర్ 2025

అన్నయ్యా,

టాస్మేనియాకు వచ్చాను. సిడ్నీలో 26న బయల్దేరిన పందెం పడవలు ఇక్కడి రేవుకు చేరుతున్నాయి. 1945 నుంచి జరుగుతున్న పోటీ ఇది. పడవలు వేళాపాళా లేకుండా వస్తాయి, వచ్చినవాళ్ళకి ఆకలీ దాహమూ రెండూ ఎక్కువే. నేను రేవు పక్కన ఓ పబ్‌లో ఉన్నాను.

ఇక్కడ మద్యం వడ్డించాలంటే ఆర్‌ఎస్‌ఏ అనే శిక్షణ పొందాలి. అందులో అసలు పాఠం ఎప్పుడు పోయకూడదన్నదే. మాట తడబడుతోందా, అడుగు తూలుతోందా, గొంతు పెరుగుతోందా అని కనిపెట్టాలి. మత్తెక్కినవాడికి ఇంకో గ్లాసు ఇస్తే చట్టప్రకారం తప్పు. స్నేహితుల ముందు కాదంటే గొడవకొస్తాడు కనుక పక్కకి పిలిచి, తగ్గు గొంతుతో, "ఈ పూటకి ఇక పోయలేను, మంచినీళ్ళు తెస్తాను, టాక్సీ పిలవనా?" అంటాను. నీకు తెలుసుగా, అప్పడిగిన చుట్టాన్ని కాదనలేక దాక్కునే మనిషిని నేను. ఎదుటివాడి పరువు తీయకుండా కాదనడం ఈ బార్ కౌంటర్ దగ్గరే అలవాటైంది.

జీతం సంగతి అడిగావు. క్యాజువల్ పని కాబట్టి జీతంతో సెలవులుండవు, దానికి బదులు గంట కూలీ మీద 25 శాతం అదనం. మాలాంటి వీసావాళ్ళకి మొదటి డాలర్ నుంచే 15 శాతం పన్ను. జీతమిచ్చాక ఒక పనిదినంలోపు పే స్లిప్ చేతికి రావాలన్నది చట్టం. ఎన్ని గంటలు చేశానో నేనూ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. లెక్క అడగడం అమర్యాదని ఇక్కడెవరూ అనుకోరు.

మార్చిలో తెనాలి వస్తాను. కొత్త ఉద్యోగం వెతుక్కునేదాకా మన టిఫిన్ సెంటర్లో నీ దగ్గరే పనిచేస్తాను. అయితే నాకూ, అంట్లు తోమే కుర్రాడికీ చేసిన గంటలు పుస్తకంలో రాసిపెట్టాలి, అడిగినప్పుడు చూపించాలి. ఒప్పుకుంటేనే టికెట్ బుక్ చేస్తాను.

నీ చెల్లి