ఇజాజత్

నార్సింగిలో రాత్రి డెస్క్ డ్యూటీ నుంచి ఇంటికొచ్చాక, లినక్స్‌లో డెబియన్‌కి ప్యాకేజీ చేయడం నేర్చుకుంటున్నా. నలభై దాటాక మళ్లీ షాగిర్ద్‌ని.

మర్హూమ్ ఉస్తాద్ రాసిన ఉర్దూ-తెలుగు మాటల జాబితా నా దగ్గరుంది. అది డెబియన్‌లో చేరితే ఎవరైనా ఒక్క కమాండ్‌తో దించుకుంటారు. కంట్రోల్ ఫైల్ రాశాను, లింటియన్ చీవాట్లూ తిన్నాను. కాపీరైట్ ఫైల్ దగ్గర చెయ్యి ఆగింది. ప్రతి ఫైలూ ఎవరిదో, ఏ లైసెన్సో రాయాలి. ఉస్తాద్ జాబితాను అడిగినవాళ్లందరికీ పంచారు గానీ కాగితం మీద ఇజాజత్ ఇవ్వలేదు. మన చట్టంలో రచయిత ఇంతెఖాల్ అయ్యాక 60 ఏళ్లదాకా హక్కు వారసులదే.

ఆయన కొడుక్కి ఫోన్ చేశాను.

"అబ్బాజాన్ అందరికీ ఇచ్చిండు కదా భయ్యా, మళ్లా అడుగుడెందుకు?"

"ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అని రాసివ్వాలి బేటా."

అమ్ముకోవచ్చు అనగానే ఖామోష్ అయ్యాడు. అమ్మీని అడిగి చెప్తానన్నాడు.

రెండు జుమ్మాలు గడిచాయి. ఫైల్లో ఉస్తాద్ పేరుంది, లైసెన్స్ గడి ఖాళీ.