మూగజీవికి నా సొంత వైద్యం

జీవితమంతా మనుషులకు వైద్యం చేసిన నేను, ఇంట్లో ఉన్న మూగజీవికి చేసిన అపకారాన్ని మీకు చెప్పుకోవాలి. మీలో ఒక్కరైనా అదే పొరపాటు చేయకుండా ఆగితే, ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.

తార్నాకలోని మా ఇంటినుంచి ప్రతి ఉదయం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడక నా అలవాటు. దారిలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. విశ్వవిద్యాలయం కూడా 1918లో పుట్టినదే. పదేళ్ల క్రితం ఆర్ట్స్ కాలేజీ ముందు నా వెంటపడిన నాటు కుక్కపిల్ల, ఆనాటినుంచి మా ఇంటి మనిషి అయింది.

మొన్నటి వేసవిలో దానికి మలబద్ధకం వచ్చింది. నేను రోగులకు చెప్పే మాటే గుర్తుకు వచ్చింది: పీచు తినండి, నీళ్లు తాగండి. ఉల్లిపాయలో ఫ్రక్టాన్లు అనే ప్రీబయాటిక్ పీచు ఉంటుంది. మన జీర్ణరసాలకు అరగని ఆ పీచును పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు పులియబెట్టి, బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పేగు లోపలి కణాలకు అదే ఆహారం. ఈ తర్కంతో రోజుకొక పెద్ద ఉల్లిపాయను ఉడికించి, పెరుగన్నంలో కలిపి పెట్టాను.

వారం తిరగకుండానే అది లేవలేని స్థితికి వచ్చింది. చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం కాఫీరంగులోకి మారింది. పశువైద్యురాలు వేసిన మొదటి ప్రశ్న: ‘‘ఏం పెడుతున్నారు సార్?’’ నేను చెప్పగానే ఆమె ముఖం గంభీరమైంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను చీలుస్తాయి. ఉడికించినా ఆ విషం పోదు. శరీర బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు, ప్రమాదం మొదలవుతుంది. మా కుక్క బరువు 12 కిలోలు. లెక్క మీరే వేసుకోండి.

సెలైను ఎక్కించి, రక్తపరీక్షలు చేస్తూ కాపాడారు. ఎక్స్‌రేలో అసలు కారణం బయటపడింది: పేగులో చిక్కిన కోడి ఎముకల ముక్కలు. లోపం పీచుది కానే కాదు. ఆదివారం మా పళ్లెంలో మిగిలినవి దానికి వేసే మా అలవాటుది.

కుక్కలకూ పీచు మేలు చేస్తుంది. వాటి ఆహారాల్లో చికోరీ వేరునుంచి తీసిన ఇనులిన్, బీట్ పిప్పి వంటివి కలుపుతారు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన గుమ్మడికాయ రెండు చెంచాలైనా సరిపోతుంది. కొద్దిగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. అతి అయితే వాయువు, విరేచనాలు వస్తాయి. నీళ్లు చాలకుండా ఇసబ్‌గోల్ పెడితే పేగుకు అడ్డుపడవచ్చు. మనుషుల కోసం చేసిన పొడుల్లో జైలిటాల్ అనే తీపిపదార్థం ఉంటే అది కుక్కలకు ప్రాణాంతకం. వాంతులు, మలంలో రక్తం, రెండురోజులు మలం రాకపోవడం కనిపిస్తే ఇంటి వైద్యం మానండి, పశువైద్యుణ్ణి కలవండి.

మా కుక్క ఇప్పుడు మళ్లీ నాతో నడుస్తోంది. నేను ఏది పెట్టినా నమ్మి తింటుంది. ఆ నమ్మకమే నన్ను ఇప్పుడు ప్రతి ముద్దకు ముందూ ఆలోచింపజేస్తోంది.