శుక్రవారం రాత్రి ఊరంతా బడి దగ్గరే

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన అలెన్ అనే ఊరుంది. జనాభా లక్ష దాటింది. ఊరు మొత్తానికి ప్రభుత్వ హైస్కూలు ఒక్కటే. దగ్గర్లోని ఫ్రిస్కోలో పదికి పైగా హైస్కూళ్లు కట్టారు. బడి చిన్నదైతే ఆటలోనూ పాటలోనూ ఎక్కువమంది పిల్లలకు చోటు దొరుకుతుందని వాళ్ల ఆలోచన. అలెన్ మాత్రం ఒక ఊరికి ఒకే బడి అన్న మాట మీద నిలబడింది. అక్కడ సుమారు ఐదువేల మంది చదువుతున్నారు. ఈ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా అమ్మాయి వాళ్లూ ఇక్కడే ఉంటారు. మనవరాలు బడి బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది.

ఊళ్లో అందరూ శుక్రవారం రాత్రి బడిలో జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడమన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు మ్యాచ్ కంటే ముందు సాధన చూడాలనిపించింది. పొద్దున్నే, బడి గంట కొట్టకముందే వెళ్లాం. పార్కింగ్ స్థలంలో తారు మీద మైదానం గీతలన్నీ తెల్లరంగుతో గీసి ఉన్నాయి. పిల్లలు వందల మంది. అలెన్ బ్యాండు 600 మందికి పైగా పిల్లలతో అమెరికా హైస్కూలు బ్యాండుల్లో అతి పెద్దవాటిలో ఒకటిగా పేరుపడింది. అంతమందీ పలకకుండా నిలబడి, లౌడ్‌స్పీకర్లో తాళం టిక్కుటిక్కుమంటుంటే, వాయిద్యం పెదాల దగ్గర పెట్టుకుని నడవడం మొదలుపెట్టారు.

ఆ నడకలో నాకిష్టమైన లెక్క ఉంది. ఐదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అంగల్లో దాటాలి. 180 అంగుళాలు భాగించు ఎనిమిది, అంటే అంగకు 22.5 అంగుళాలు. పొడుగు పిల్లవాడూ పొట్టి పిల్లా అదే అంగ వేయాలి. పాటలో ఏ చరణానికి తాను ఏ గీతకు ఎన్ని అంగల దూరంలో ఉండాలో ప్రతి పిల్లకూ రాసిచ్చిన కాగితం ఉంటుంది. "తాతయ్యా, ఇదే నా డాట్" అని మనవరాలు నేల మీద ఒక చోటు చూపించింది. నాకక్కడ తారు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ పిల్ల మాత్రం వెనక్కి నడుస్తూ వచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

ఇంకో సంగతి నన్ను కట్టిపడేసింది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వంద గజాల మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి పావు సెకను దాటుతుంది. వేగంగా సాగే పాటలో ఆపాటి ఆలస్యం తాళాన్ని చెడగొట్టేస్తుంది. అందుకని దూరంగా ఉన్న పిల్లలు చెవికి వినబడేదాన్ని పట్టుకుని వాయించకూడదు. ఎత్తయిన బల్ల మీద నిలబడి చేయి ఊపే డ్రమ్ మేజర్‌ని చూసి వాయించాలి. ఆ డ్రమ్ మేజర్ కూడా విద్యార్థే. భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం ఇంత బాగా ఒంటబట్టించే తరగతి గది నేను చూడలేదు.

ఇంత సాధన వల్ల చదువు పోదా అని మన పెద్దలు అడుగుతారు. టెక్సస్ వాళ్లూ అడిగారు. అందుకే 1984లో చట్టం చేశారు: సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే ఆ పిల్లవాడు పోటీకి, ప్రదర్శనకు వెళ్లకూడదు. ఇప్పుడు ఆ నిషేధం మూడు వారాలు, ఆ రోజుల్లోనూ సాధనకు మాత్రం రావచ్చు. బడి వేళ దాటాక వారానికి ఎనిమిది గంటలకు మించి సాధన చేయించకూడదన్న పరిమితీ ఉంది. ఇక అసలు విషయం, బ్యాండు అక్కడ ఒక పాఠ్యాంశం. హైస్కూలు పూర్తిచేయాలంటే కళల్లో ఒక క్రెడిట్, వ్యాయామంలో ఒక క్రెడిట్ ఉండి తీరాలి. మార్చింగ్ బ్యాండులో నడిచినందుకు వ్యాయామం క్రెడిట్ కూడా ఇవ్వవచ్చు. టైమ్‌టేబుల్లో చోటున్న పనిని ఎవరూ కాలక్షేపమనరు.

శుక్రవారం సాయంత్రం స్టేడియానికి వెళ్లాం. అది హోమ్‌కమింగ్ వారం, పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చే పండుగ. ఆడపిల్లలు చామంతిలా చేసిన పెద్ద గుడ్డపువ్వును గుండెల మీద తగిలించుకున్నారు. దానికి మోకాళ్ల దాకా వేలాడే రిబ్బన్లు, చిన్న చిన్న గంటలు. నడుస్తుంటే గలగలమంటున్నాయి. మెట్ల మీద జనం, నీలం తెలుపు చొక్కాలు, పిల్లల్ని ఎత్తుకున్న తాతలు, తినుబండారాల కౌంటర్ల ముందు వరుసలు, అచ్చం మన ఊరి తిరునాళ్లే. మా అల్లుడు నాతో కూర్చోలేదు. బ్యాండు తల్లిదండ్రుల సంఘంలో ఉన్నాడు కాబట్టి ట్రక్కులోంచి పెద్ద పెద్ద వాయిద్యాలు దించి మైదానం అంచుదాకా తోస్తున్నాడు. ఇద్దరు తెలుగు తల్లులు పిల్లలకు నీళ్లు అందిస్తూ, ఊడిపోయిన యూనిఫాం అంచులు కుడుతున్నారు.

సగం ఆట అయ్యాక బ్యాండు దిగింది. పొద్దున తారు మీద చూసిన అంగలే, కాని పైనుంచి చూస్తే గీతలు వంపులవుతున్నాయి, వంపులు వలయాలవుతున్నాయి. ఆ వందల వాయిద్యాలు ఒక్కసారిగా మా వైపు తిరిగినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ నీలం వరసల్లో మనవరాలిని వెతికి పట్టుకోలేకపోయాను. అది వాళ్ల గొప్ప అని నా అభిప్రాయం.

స్టేడియం గురించి మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 18,000 మంది కూర్చునే దాన్ని సుమారు ఆరు కోట్ల డాలర్లతో 2012లో ప్రారంభించారు. ఊరి ఓటర్లే 2009లో ఆమోదించిన బాండ్ల డబ్బు అది. 2014లో కాంక్రీటులో పగుళ్లు బయటపడి మూసేశారు. మరమ్మతుల తర్వాత 2015లో తెరిచారు. ఇక్కడ ఆడిన కైలర్ మర్రే ఆట మొదటి నుంచే బరిలోకి దిగిన 42 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. 2018లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైజ్మన్ ట్రోఫీ గెలిచాడు. అయినా అలాంటి ఆటగాడు తరానికొకడు. పిల్లల ఆటకు అంత ఖరీదైన కట్టడం అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ బడి బలం పార్కింగ్ స్థలంలో గీసిన తెల్లగీతల్లో ఉంది. పరుగెత్తలేని పిల్లకు క్లారినెట్, వాయించలేని పిల్లకు జెండా, రెండూ రానివాడికి కెమెరానో నీళ్ల సీసాల బండో. అందరికీ శుక్రవారం ఒక పని ఉంది.

తెల్లగీతలకు మన దగ్గర డబ్బు చాలదని ఎవరూ అనలేరు. బడిలో ఆటలకూ కళలకూ చోటుండాలన్న మాట మన చట్టంలోనూ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలుంటే కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలనీ అంటోంది. అయినా పదో తరగతికి వచ్చేసరికి డ్రిల్లు పీరియడ్ లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. లెక్కల మాస్టారిగా చెబుతున్నాను, ఆ పీరియడ్ లెక్కలకు అవసరం లేదు. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు టైమ్‌టేబుల్ కూడా చూపించమనండి. ఆటల పీరియడ్ ఏ రోజు, పాట ఎవరు నేర్పుతున్నారు, పోయిన వారం పిల్లలు నిజంగా మైదానంలోకి వెళ్లారా అని హెడ్మాస్టరుగారిని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.